గుమ్మడికాయ దగ్గర కలిసిన మాట

కిష్టయ్య గారి కొట్టు మాదాపూర్ రోడ్డు మీద, కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల భవనానికి కాస్త ఇవతల ఉండేది. పైన రేకులు, ముందు ఇనుప షట్టరు. ముందు గదిలో ఒక కంప్యూటరు, రెండు వీసీఆర్‌లు, గోడ నిండా క్యాసెట్లు. పరదా వెనకాల సగం గదిలో ఆయన స్టవ్వు, మడత మంచం. బోర్డు మీద ‘నర్సమ్మ వీడియో’ అని పచ్చ రంగుతో రాసి ఉండేది. కొత్తవాళ్ళు వచ్చి నర్సమ్మ గారు లేరా అని అడిగేవాళ్ళు. ఆయన తలెత్తకుండా, “లేదు, ఏం పనో నాకు జెప్పుండ్రి” అనేవాడు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది తొంభై మూడులో, మియాపూర్‌లో మా ఇంటి గృహప్రవేశానికి. తెల్లవారుజామున ముహూర్తం. మావారు భీమేశ్వరరావు గారి ఆఫీసులో ఎవరో చెబితే కెమెరా భుజాన వేసుకుని వచ్చాడు. వెనకాల ఆయన భార్య నర్సమ్మ, చేతిలో పెద్ద ఫోకస్ లైటు, భుజానికి వైరు చుట్ట. లైటు పట్టుకోవడానికి ఆడమనిషి రావడం మా వాళ్ళు వింతగా చూశారు. మా తోటికోడలు అడిగేసింది కూడా, “లైటుకి మగాళ్ళు దొరకలేదా?” అని. నర్సమ్మ నవ్వి, “మొగోల్లు లైటు పడితె పెండ్లిపిల్లనే సూస్తరమ్మా, నేను పడితె అందర్ని సూస్త” అంది.

ఆవిడ గురించి నాకప్పుడు గుర్తున్నది ఆ ఒక్క మాటే. మిగతావన్నీ తరవాత తెలిశాయి.

తొంభై ఏడు శ్రావణంలో మావారు ఆఫీసు నుంచి వస్తూ బస్సులోనే పోయారు. మాకు పిల్లల్లేరు. పదకొండు రోజులూ అయ్యాక ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంట్లో నేను, ఆయన కండువా, ఆ గృహప్రవేశం క్యాసెట్టు మిగిలాం.

ఆ క్యాసెట్టులో ఒక చోటుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. మావారు తల పక్కకి తిప్పి ఏదో అంటారు. నేను పక్కన కూర్చుని తల వంచుకుని నవ్వుతుంటాను. ఆయన ఏమన్నారో వినపడదు. ఆ చోట ఏదో సినిమాలోని వాన పాట వస్తుంటుంది. క్యాసెట్టు మొత్తం అంతే, మొదటి నుంచి చివరి దాకా పాటలే.

ఆ పాటలు వేయించింది నేనే. గృహప్రవేశం రోజు గుమ్మం దగ్గర మా అత్తగారికీ తోటికోడలికీ పాల గిన్నె ఎవరు పట్టుకోవాలని మాటా మాటా వచ్చింది. ఆ తగువంతా క్యాసెట్టులో పడి ఉంటుందని నాకు సిగ్గేసింది. వీడియోల వాళ్ళు అప్పట్లో పాటలు ఎలాగూ వేసేవాళ్ళు, కానీ మధ్య మధ్యలో మాటలు వదిలేవాళ్ళు. నేను కిష్టయ్య గారిని పక్కకి పిలిచి, “ఒక్క మాట కూడా వినపడకుండా పాటలు వేసెయ్యండి” అన్నాను. ఆయన తలూపాడు. మా అత్తగారు రెండ్రోజుల్లో ఊరెళ్ళిపోతుందని తొందరపెడితే మర్నాడే తెచ్చిచ్చాడు.

మావారు నన్ను నవ్వించిన ఆ మాట ఏమిటో నాకు జ్ఞాపకం లేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు. రెండేళ్ళు ఆ చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసేదాన్ని. పెదవులు రెండుసార్లు కలుస్తాయి, ఒకసారి గుండ్రంగా అవుతాయి. నా పేరు పుణ్యవతి. ఆయన పుణ్యా అని పిలిచేవారు. ‘పు’ అనడానికి పెదవులు కలుస్తాయి కదా, నా పేరే అయి ఉంటుందని అద్దం ముందు నిలబడి నేనే అని చూసుకునేదాన్ని. ఇదంతా పిచ్చితనమని ఎవరికీ చెప్పలేదు.

తొంభై తొమ్మిది వానాకాలంలో బొమ్మ మీద తెల్లటి చారలు మొదలయ్యాయి. పక్కింటి రసజ్ఞ ఆ గుండ్రటి భవనంలోని కంపెనీలో ఉద్యోగానికి వెళ్ళేది. “పిన్నిగారూ, అది బూజు. ఇంకా తిప్పితే పోతుంది. సీడీ చేయించుకోండి, మా ఆఫీసు దారిలో నర్సమ్మ వీడియో అని ఉంది” అని చెప్పింది.

అలా ఆరేళ్ళ తరవాత మళ్ళీ కిష్టయ్య గారిని చూశాను. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టలేదు. క్యాసెట్టు చేతికిస్తే మాత్రం దాన్ని పక్కకి తిప్పి, అంచు మీదున్న పసుపు బొట్టుని బొటనవేలితో తడిమాడు.

“ఇది నర్సమ్మ పెట్టిన బొట్టు” అన్నాడు. “కెమెరాల దిరిగిన అసలు క్యాసెట్టుకు పెట్టేది, నేను సూడక ఇంకో పెండ్లికి వాడుకుంటనని. పాటలు గలిపి ఇంకో క్యాసెట్టుకు ఎక్కించి గిరాకికి ఇచ్చెటోన్ని. ఇది మీ దగ్గరకెట్ల వొచ్చింది?”

“మీరే ఇచ్చారండి. మర్నాడే కావాలని మేం తొందరపెట్టాం.”

“అట్లనా. అయితె దీని మీదనే పాటలు ఎక్కించినట్టున్న.” స్టూలు జరిపి, “కూసో అమ్మా” అన్నాడు.

నర్సమ్మ గారు బాగున్నారా అని అడిగాను. తొంభై ఆరులో పోయిందన్నాడు. కామెర్లు. గాంధీ దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమైందట. నేను మావారి సంగతి చెప్పాను. రోడ్డు మీద కంపెనీ బస్సులు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

నాకు కావలసిందేమిటో అప్పుడు చెప్పాను. సీడీ సంగతి తరవాత, పాట కింద ఆయన మాట ఏమైనా మిగిలి ఉంటుందా అని.

కిష్టయ్య గారిది మెదక్ జిల్లా. కంప్యూటరు ముందు కూర్చోక మునుపు, కెమెరా పట్టక మునుపు, డేరా టాకీసులో ఆపరేటరు. పదిహేనేళ్ళు ఊరూరా తిరిగాడు. మాట గురించి అడిగితే ఎప్పుడూ అక్కణ్ణుంచే మొదలుపెట్టేవాడు.

“సినిమా రీలు మీద మాట, బొమ్మ పక్కపక్కకు ఉండయమ్మా. మాట ముందు పోతది, దాని బొమ్మ ఇరవై బొమ్మలెనక వొస్తది. మిషిన్ల దారం ఎక్కించినట్టు సరిగ్గ ఎక్కిస్తెనే రెండు కలుస్తయి. తప్పు ఎక్కిస్తె హీరో మూతి మూసినంక మాట వొస్తది. జనం సీట్ల మీద లేశి నిలబడేది.” కొంచెం నవ్వాడు. “క్యాసెట్టు వేరు. దీంట్ల మాట రెండు జాగలల్ల ఉంటది. ఒకటి అంచుకు సన్న గీత లెక్క. పాటలు ఎక్కిస్తె పోయేది గదే. మీ ఇంట్ల మిషిను సదివేది గూడ గదొక్కటే. రెండోది బొమ్మ కిందనే, బొమ్మతోని కలిసి ఉంటది. దాన్ని తుడవాలంటే బొమ్మను గూడ తుడవాలె. నా కెమెరా రెండు జాగలల్ల రాసేది.”

“అంటే ఉన్నట్టేనా అండి?”

“ఉండాలె. కానీ ఫికర్ ఇంకోటున్నది.”

క్యాసెట్టు మూత తెరిచి టేపు చూపించాడు. అంచుల్లో తెల్లటి పొడి. మధ్యలో ఒకచోట మెరుపు తగ్గి నలిగినట్టుంది.

“గీ జాగల మస్తు సార్లు ఆపిండ్రా?”

నేను తల వంచుకున్నాను.

తరవాత చెప్పినది నాకు అర్థమైనంత రాస్తాను. ఆయన కంప్యూటరు పాతది. బొమ్మనీ మాటనీ ఒకేసారి లోపలికి తీసుకుంటే దానికి బరువు ఎక్కువై మధ్య మధ్యలో బొమ్మల్ని వదిలేస్తుంది. మాట మాత్రం ఆగకుండా పోతూనే ఉంటుంది. అరగంటయ్యేసరికి నోరొక దిక్కు, మాటొక దిక్కు. విడివిడిగా తీస్తే రెండూ సాఫీగా వస్తాయి. అప్పుడు మాట ఒక ఫైలు, బొమ్మ ఒక ఫైలు. తరవాత ఆ రెంటినీ వత్తి పేనినట్టు ఒకటిగా పేనాలి.

“విడివిడిగ జేస్తె క్యాసెట్టు రెండుసార్లు తిరగాలె. ఒక్కసారి తిరుగుతదని నేను జెప్పగలుగుత. రెండోసారికి జెప్పలేను. కలిపి ఒక్కసారి తీస్తమా, విడిగ తీస్తమా నువ్వే జెప్పమ్మా. విడిగ అంటే ఏది ముందు?”

బజారులో కూరగాయలు తప్ప నేనెప్పుడూ నిర్ణయించింది లేదు. అన్నీ మావారే చూసుకునేవారు. స్టూలు మీద కూర్చుని చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టాను. ఆయన మొహం ఫోటోల్లో ఉంది. కళ్ళు మూసుకున్నా ఉంది. గొంతే పోయింది. ఆర్నెల్లుగా ఎంత ప్రయత్నించినా నాకు ఆ గొంతు లోపల వినపడ్డం లేదు.

“విడిగా తీయండి. మాట ముందు” అన్నాను.

ఆయన మూడు రోజులు తీసుకుని మెత్తటి గుడ్డతో టేపంతా తుడిచాడు. నాలుగో రోజు నన్ను మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నాడు. ఒంటిగంటకి అక్కడ కొత్త కట్టడాల కోసం బండలు పేల్చేవాళ్ళు. ఈల వేసి, ఎర్ర జెండా ఊపి, ఢామ్మని పేలిస్తే కొట్టులో బల్ల కదిలేది. అది అయిపోయాక కానీ ఆయన పని మొదలుపెట్టేవాడు కాదు.

వీసీఆర్ తిరగడం మొదలైంది. టీవీ ఆపేశాడు. కంప్యూటరు మీద నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ గీత వణుకుతోంది. అంతే. మొదట గాలి హోరు. తరవాత చెప్పుల చప్పుడు, ఆవు మెడలో గంట. తరవాత మా అత్తగారి గొంతు స్పష్టంగా, “పెద్దదాన్ని నేనుండగా గిన్నె దానికిస్తారేంటర్రా” అంటూ. నేను ఏ తగువు మీద మట్టి కప్పించానో ఆ తగువే ముందు బయటికొచ్చింది. ఆవిడా పోయి మూడేళ్ళయింది. ఆ తగువు ఎంత బాగుందో.

తరవాత ఠప్పుమని గుమ్మడికాయ పగిలింది.

ఆ వెనక మావారు. “పంతులు గారూ, ముహూర్తం దాటిపోతోందండి.” కొంచెం బొంగురుగా, వాక్యం చివర దగ్గు. నాకు చెవుల్లో హోరెత్తి తరవాతి మాటలు కొన్ని వినపడనే లేదు. ఆ గది నిండా జనం గొంతులు, ఒకదాని మీద ఒకటి. ఏది ఎవరు ఎప్పుడు అన్నారో తెలియలేదు. అందులో ఒకచోట, “పుణ్యా, ఇటు జరుగు” అని వినపడింది. అదే అనుకున్నాను. నేను నవ్విన మాట అదే.

కిష్టయ్య గారి వైపు తిరిగాను చెబుదామని. ఆయన చెయ్యి సౌండు పెంచే బిరడా మీద ఉండిపోయింది. కంప్యూటరులోంచి ఆడగొంతు వస్తోంది.

“ఓ కిష్టయ్యా, వైరు తొక్కుతున్నవ్, జర పక్కకు జరుగు. ముసలమ్మ పడతది.”

“నువ్వు లైటు సక్కగ పట్టవే, నాకు నేర్పకు.” అది ఆయన గొంతే, పడుచుగా ఉంది.

“నేను సక్కగనే వట్టిన. నీ కెమెరానే తాగినోని లెక్క ఊగుతున్నది.”

క్యాసెట్టు అరగంట తిరిగింది. నర్సమ్మ గొంతు మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఆయన కదల్లేదు. టేపు తెగకుండా చివరికొచ్చింది. మిషను దానంతట అదే ఆగింది.

ఆయన మిషను మీద చెయ్యి వేసి అన్నాడు, “లైటు పట్టెడిదాని మాటలు నడుమ నడుమ ఏంది అని గిరాకోల్లు కొట్లాడెటోల్లమ్మా. అందుకే పాటలు ఎక్కువ ఏసెటోన్ని. పదేండ్లల్ల ఎన్ని లగ్గాలో, ఎన్ని బారసాలలో. అన్నిట్ల దాన్ని నేనే తుడిచిన. అసలు క్యాసెట్ల మీద మల్ల వేరే లగ్గాలు రాసిన. అది బొట్లు పెట్టుకుంట పోయింది, నేను తుడుసుకుంట పోయిన.”

ఆమె ఫోటో ఒక్కటుందట, రేషను కార్డు కోసం తీసింది. గొంతు ఎక్కడా లేదు. ఉంటుందని ఆయన అనుకోలేదు.

ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ నేను పుణ్యా అనే ఆ పిలుపుని మనసులో అనుకుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చి రెండేళ్ళలో మొదటిసారి పప్పులో పోపు వేసుకుని తిన్నాను.

రెండోసారి తిప్పడం రెండ్రోజుల తరవాత. ఈసారి బొమ్మ. గుమ్మం వచ్చింది, ఆవు వచ్చింది, గుమ్మడికాయ వచ్చింది. పాలు పొంగాయి. మావారు తల తిప్పారు. ఆ తరవాత వ్రతం పీట బొమ్మ వచ్చేసరికి కీచుమని చప్పుడైంది. మిషనులోంచి టేపు ముడతలు ముడతలుగా బయటికొచ్చింది. కిష్టయ్య గారు కత్తెరతో తీయవలసి వచ్చింది. ఒక పొట్లంలో పెట్టి నాకిచ్చాడు, పారేయడానికి చేతులు రాలేదేమో.

“పాల దాంక వొచ్చింది. నీకు గావల్సింది గదే గద” అన్నాడు.

తరవాత పేనడం. మాట ఒక రోజు తిరిగినప్పటిది, బొమ్మ ఇంకో రోజుది. పాత మిషను రెండుసార్లూ ఒకే వేగంతో తిరగదు. ఎక్కడ పట్టుకుని కలపాలి అని అడిగాను.

“గుమ్మడికాయ ఎందుకున్నదమ్మా. పగిలిన బొమ్మ, పగిలిన సప్పుడు, రెండు తెచ్చి ఒక్క జాగల పెడితె మొదలు కుదురుతది. లగ్గమైతె కొబ్బరికాయ సూసుకుంట. మనోల్లు ఏదో ఒకటి పగులగొట్టంది ఏ పని జెయ్యరు, నా పానానికి సుఖం.”

గుమ్మడికాయ దగ్గర కలిసింది. అక్కణ్ణుంచి పాల దాకా కొంచెం కొంచెంగా జారింది. ఆయన ఎంత చూసినా ఎంత జారిందో తెలియలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “సారు పెదవులు నాకెరుకలేదమ్మా. నీకెరుక. నువ్వు సూసి జెప్పు, ముందా, ఎనకా” అన్నాడు.

నేను తెర దగ్గరికి జరిగాను. రెండేళ్ళు చూసిన పెదవులు. ఆయన మాటని జరుపుతుంటే నేను చెప్పాను. ఇంకా వెనక్కి. ఇంకొంచెం. కాదు, దాటిపోయింది. పుణ్యా అన్న పిలుపు వచ్చి ఆ పెదవుల మీద పడుతుందని చూస్తున్నాను. అది పడలేదు. ఎంత జరిపినా రెండుసార్లు కలిసే చోట అది ఒక్కసారే కలుస్తోంది. వేరే మాట ఏదో వచ్చి అతుక్కుంది.

“ఇక్కడ. ఇక్కడ ఆపండి” అన్నాను. నేనే అన్నాను.

ఆయన మళ్ళీ మొదటి నుంచి వేశాడు. పాలు పొంగుతున్నాయి. మావారు తల పక్కకి తిప్పి, కెమెరాకి పక్కన ఉన్న ఎవరినో చూసి, “చాలా పైకెత్తావమ్మా, కాస్త దించు. చెయ్యి లాగేస్తుంది” అన్నారు.

“ఏం గాదు సారూ, అలవాటే. నా దిక్కు సూసుడు గాదు, మీ పాలు పొంగిపోతున్నయ్ సూడుండ్రి.”

అప్పుడు నేను తల వంచుకుని నవ్వాను.

పుణ్యా, ఇటు జరుగు అన్న మాట అంతకుముందే అయిపోయింది. ఆ సమయంలో కెమెరా గుమ్మానికి కట్టిన మామిడాకుల మీదుంది. పిలిచిన మొహం ఎక్కడా లేదు.

కొట్టు ముందు ఎవరో వచ్చి ఫోటో లామినేషను చేస్తారా అని అడిగితే కిష్టయ్య గారు లేదని పంపించేశాడు. వచ్చి కూర్చుని మెల్లగా అన్నాడు.

“అమ్మా, ఒకటి జెప్త. రెండు విడివిడిగ ఉన్నయి గనక చేతిలో పని. నిన్ను పిలిశిన మాట తెచ్చి గా పెదవుల మీద పెడత. జర అటూ ఇటూ సాగదీస్తె కుదురుతది. ఎవ్వరికీ తెల్వది. నువ్వు నవ్వుతనే ఉన్నవ్ గద, సరిపోతది.”

చేస్తానన్నాడంటే చేయగలడు. మావారు నా వైపు తిరక్కపోయినా పర్వాలేదు, పుణ్యా అంటారు, నేను నవ్వుతాను. రెండేళ్ళు నేను అద్దం ముందు చేసినది అదే. ఊఁ అనడానికి నోరు తెరిచాను కూడా.

అప్పుడు కిష్టయ్య గారి మొహం చూశాను. ఆయన తెర వైపు చూడ్డం లేదు. ఆ మాట తీసేస్తే ఏం పోతుందో ఆయనకి తెలుసు. తెలిసే అడిగాడు.

“వద్దండి” అన్నాను. “ఆ మాట తీసేస్తే నర్సమ్మ ఎవరికి జవాబు చెబుతుంది?”

ఆయన తల వంచుకుని కాసేపు కీబోర్డు మీద దుమ్ము తుడిచాడు. తరవాత రెంటినీ కలపమని కంప్యూటరుకి చెప్పాడు. ఆ పని అవడానికి గంటన్నర పట్టింది. పరదా వెనక్కి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. ఇద్దరం తాగుతూ తెర మీద నీలం గీత కొంచెం కొంచెంగా నిండడం చూశాం.

సీడీ నా చేతికిచ్చి, “నాకొకటి రాసుకోనా” అని అడిగాడు.

“అడగాలా? ఇదే రాసుకోండి.”

“ఇది వద్దమ్మా. అది బొమ్మల లేదు గద. లైటు పట్టినోల్లు బొమ్మల వడరు. నాకు మాటొక్కటి సాలు.”

విడిగా దాచిన ఆ మొదటి ఫైలుని ఇంకో సీడీ మీద రాసుకున్నాడు. దాని మీద ఏమీ రాయలేదు. పరదా వెనక్కి వెళ్ళి, వేలికి పసుపు అంటించుకుని వచ్చి, సీడీ డబ్బా అంచు మీద ఒక బొట్టు పెట్టాడు.

మరుసటి ఏడు రోడ్డు వెడల్పులో ఆ వరసంతా కొట్టేశారు. రసజ్ఞ చెబితే నేను వెళ్ళేసరికి షట్టరు ఉన్న చోట మట్టి గుట్ట ఉంది. ఆయన ఊరెళ్ళిపోయాడని పక్క టీ కొట్టతను చెప్పాడు. ఏ ఊరో అతనికి తెలియదు.

నేను ఆ సీడీ రోజూ చూడను. శ్రావణంలో ఒకసారి చూస్తాను. మావారు నర్సమ్మతో చెయ్యి లాగేస్తుందంటారు, నర్సమ్మ జవాబు చెబుతుంది, పాలు పొంగుతాయి, నేను నవ్వుతాను. పిలుపు కావాలనిపిస్తే కొంచెం వెనక్కి జరిపి మామిడాకుల దగ్గర నుంచి వేసుకుని కళ్ళు మూసుకుంటాను.